స్తామెనా మేజోడు, రదోయ్కా దుప్పట్లు

మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. పిండిమర మోటారు ముప్పయ్యేళ్ళు నా చేతిలోనే తిరిగింది. వరదొచ్చిన ఏడాది మూడూళ్ళ నీళ్ళ పంపులు విప్పి, ఆరబెట్టి, మళ్ళీ నడిపించింది ఈ విదోసావానే. డెబ్బై నాలుగొచ్చినా టెస్టరు సంచి దించలేదు. అందుకే ఆ వాన శుక్రవారం రదోయ్కా నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది.

"పిన్నీ, బట్టలారబెట్టే మెషీను తిరుగుతోంది గానీ వేడి రావట్లేదు. నాలుగింటికి హోటలు బండి వస్తుంది. డజను దుప్పట్లూ తడిగానే ఉన్నాయి. ఈసారి కూడా ఆలస్యమైతే పని పట్నంవాళ్ళకి ఇచ్చేస్తారట!"

మొగుడు పోయాక హోటలు దుప్పట్లు ఉతికే ఆ పని మీదే ఆమె ఇల్లు నడుస్తోంది. వెంటనే బయల్దేరాను.

ఆమె అత్త స్తామెనా మెషీను పక్కనే, మెడకు శాలువా చుట్టుకుని ఇస్త్రీ చేస్తోంది.

"వచ్చావా ఇంజనీరమ్మా! నీవల్ల కాకపోతే చెప్పు, నేనే ఊది ఆరబెడతా."

"నీ నోటికి అదెంత పనిలే," అన్నాను.

ప్లగ్గు పీకి వెనక రేకు విప్పాను. వేడెక్కే తీగ బాగానే ఉంది. వేడి మితిమీరితే తెగిపోయే చిన్న ఫ్యూజే పోయింది.

"రెండు వైర్లూ కలిపి ముడేసెయ్ పిన్నీ, ఇవాళ్టికి గడుస్తుంది."

"కొంప అంటుకుంటే దుప్పట్లు బాగా ఆరతాయి! నా చేతి మీదుగా ఇంతవరకూ ఒక్క ఇల్లు కాలలేదు."

అలాంటి ఫ్యూజు సంచిలో ఒక్కటే ఉంది. అది ఊరికే తెగదు. కారణం తెలియకుండా వేస్తే ఇదీ పోతుంది. మెషీనులో బట్టల నూగు పట్టే జల్లెడ చూశాను, శుభ్రంగా ఉంది. వేడిగాలి బయటికి పోయే గొట్టం వెంట, వానలో తడుస్తూ గోడ వెనక్కి వెళ్ళాను. గొట్టం మూతిలో ఉన్ని మేజోడు కుక్కి ఉంది!

"ఇదెవరిది?"

స్తామెనా ఇస్త్రీపెట్టె దించింది. "నాదే. మెషీను ఆగినప్పుడల్లా అందులోంచి చలిగాలి సూటిగా నా మెడకే కొడుతోంది. గాలి తగిలి పక్కింటి బరినా మూతి వంకరపోలేదూ?"

ఆమెనేమనను? ఈదురుగాలి తగిలితే జబ్బు చేస్తుందన్న భయంతో ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచే ఇల్లు మా ఊళ్ళో లేదు. నేనూ తెరవను. కానీ మేజోడు మాత్రం మళ్ళీ పెట్టనివ్వదల్చుకోలేదు. డబ్బా రేకు కత్తిరించి, పైన సన్నని తీగ కట్టి, గొట్టం మూతికి తలుపులా వేలాడదీశాను. లోపలి గాలి తోస్తే తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. అప్పుడు ఫ్యూజు వేశాను. మెషీను వేడెక్కింది.

నాలుగింటికి బండి హారను మోగేసరికి ఆఖరి దుప్పటి రదోయ్కా చేతుల్లో వెచ్చగా ఉంది. డ్రైవరు మూటలెత్తుకుంటూ, "సోమవారం ఇంకో ఇరవై తెస్తా," అన్నాడు.

మెషీను ఆగాక స్తామెనా మెడ మీది శాలువా తీసి, కాసేపు కదలకుండా నిలబడింది.

"గాలి తగలట్లేదు," అని ఒప్పుకుంది. "సరేగానీ ఇంజనీరమ్మా, నా మేజోడు ఇటివ్వు."