తుప్పెక్కిన హ్యాండిళ్లు

ఈ రోజు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, మా సెక్షన్లో రైలుపెట్టెల ఉక్కు హ్యాండిళ్లకు నికెల్ పూత వేయాలి. వాటి జిడ్డు వదిలించి, యాసిడ్‌లో ముంచి, నీళ్లలో జాడించి తీశాను. ఇక వెంటనే పూత తొట్టిలో దించాలి. కాస్త ఆలస్యమైనా తుప్పు పట్టేస్తుంది.

సరిగ్గా అప్పుడే సింహాచలం బావ వచ్చి, చెయ్యి కలుపుదామని తన చెయ్యి చాపాడు. క్వార్టర్ల కొళాయి దగ్గర గొడవపడి, వానాకాలం నుంచి మాకు మాటల్లేవు.

“ఉండు బావా, పనిలో ఉన్నాను” అన్నాను.

అతని ముఖం మాడిపోయింది. “నానే రాకుండా ఉండాల్సింది” అంటూ వెనుదిరిగాడు.

హ్యాండిళ్లు బల్లమీద పడేసి, గ్లవ్స్ ఊడదీస్తూ పరిగెత్తాను. “కోపంతో అన్లేదు బావా! అవి తుప్పట్టేస్తాయని అన్నాను.”

“మరి అయ్యి వొగ్గీసి వొచ్చీసినావేటి?”

“తుప్పొదిలించడం నాకు తెలుసు. నువ్వెల్లిపోతే మళ్లీ ఎలా పిలవాలో తెల్దు.”

బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

తిరిగొచ్చేసరికి హ్యాండిళ్లన్నీ ఎర్రబారి ఉన్నాయి. మా బెంగాలీ ఫోర్‌మన్ దాదా గట్టిగానే తిట్టాడు. బావ తన డ్యూటీ అయ్యాక కూడా ఆగి, నాతోపాటు మళ్లీ అన్నీ యాసిడ్‌లో ముంచి కడిగాడు. ఈసారి పూత చక్కగా కుదిరింది. ఇద్దరం సైకిళ్లు నడిపించుకుంటూ ఇంటికొచ్చాం.

దాదా తిట్లలో న్యాయముంది. అయినా రేపు మళ్లీ అలాగే జరిగితే, మళ్లీ పరిగెడతాననే అనుకుంటున్నాను. మీరైతే ఏం చేసేవారు?