పాలిష్ పట్టని వరండా

నా చిన్నప్పుడు, మా ముత్తాతలు కూలీలుగా ఓడెక్కి వచ్చి స్థిరపడ్డ క్లెయిర్‌వుడ్‌లో ఇంటి పరువంతా వరండాలోనే ఉండేది. వారానికోసారి సిమెంటు నేలకు ఎర్ర పాలిష్ పట్టి, ముఖం కనబడేదాకా గుడ్డతో రుద్దాలి. లేకపోతే వీధి వీధంతా చెప్పుకునేది. మా ఇంట్లో ఆ చాకిరీ మా అత్తది. ఆమె నాన్నకు అక్క. బట్టల ఫ్యాక్టరీలో వారమంతా మిషను తొక్కి, ఆదివారం కూడా నడుం వాల్చేది కాదు.

తెల్లవాళ్ళ పాలన పోయి నల్లవాళ్ళకీ, మాకూ, అందరికీ ఓటు వస్తుందంటున్న రోజులవి. ఒకరోజు ఎవరూ పనికి వెళ్ళొద్దని ఉద్యమ నాయకులు పిలుపిచ్చారు. బస్సుల్లేవు, కొట్లు మూసేశారు. ఆ సాయంత్రమే మా ఇంట్లో వీధివాళ్ళ ప్రార్థన కూటం. అత్తకు అనుకోని సెలవు దొరికింది కదా అని నేను పాలిష్ డబ్బా తెచ్చి ముందు పెట్టాను.

అత్త దానివంక అలసటగా చూసింది. "లోన పెట్టెయ్ మా. నేలకి నొప్పి లేదు. అవ్వకి ఉంది."

మా అవ్వ మోకాళ్ళ వాపుతో మూడు వారాలుగా మంచం దిగలేదు. ఆమె మూలుగుతుంటే మేమంతా వినీ విననట్టు ఉండేవాళ్ళం. స్టవ్‌లో మిగిలిన కాస్త కిరోసిన్‌తో అత్త తనకు టీ కూడా పెట్టుకోకుండా నీళ్ళు కాచింది. గుడ్డ ముంచి పిండి, అవ్వ మోకాళ్ళకు ఓపిగ్గా కాపడం పెట్టింది. తర్వాత భుజం ఆసరా ఇచ్చి ఎండలో కూర్చోబెట్టి, పక్కనే చాప పరుచుకుని నిద్రపోయింది. పట్టపగలు అత్త నిద్రపోవడం చూడటం నాకదే మొదలు. వరండా అలాగే వదిలేసిందని నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం పక్కింటి ఆంటీ దుమ్ము చూసి, "దినమంతా ఇంట్లోనే ఉన్నావు గదా," అని సాగదీసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అత్త ఆమెను లోపలికి తీసుకెళ్ళి చాప మీద కూర్చోబెట్టింది. లోపల అవ్వ కుర్చీలో కూర్చుని, ఎన్నాళ్ళకో పాటకు గొంతు కలిపింది. పాటయ్యాక ఆమె అత్త చెయ్యి పట్టుకుని, "ఇయ్యాల కాళ్ళు నావే అనిపించినాయి," అంది. నా కోపం అక్కడే చల్లారింది.

ఆ చలికాలం దాటకముందే అవ్వ పోయింది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఒళ్ళు హూనమై ఇంటికొచ్చి, చేతిలో ఒక్క గంటే మిగిలితే, ఎవరికి నొప్పిగా ఉందో ముందు చూడాలని తెలుసు. తెలిసీ చాలాసార్లు చీపురే పట్టుకుంటాను, అదే సులువు గనుక. బాధపడే మనిషి పక్కన కూర్చోవడానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. అంత అలసటలో అత్త దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.