నా కరపత్రంలో విఠల్ సార్ చీటీ

నిన్న పొద్దున మల్లేషన్న ఫోన్. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే మల్లేషన్న.

"తమ్మీ, విఠల్ సార్ పోయిండు. ఛాయ్ తాగుకుంట తాగుకుంటనే అయిపోయిండంట."

"ఏ విఠల్ సార్?" అన్నాను.

ఎవరో తెలుసు. తెలిసే అడిగాను.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. విఠల్ సార్ లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైర్ అయ్యారు. ఇల్లు నాంపల్లిలో. ప్రతి ఆదివారం అబిడ్స్ వచ్చి, మూసిన షట్టర్ల ముందు పరిచిన పుస్తకాల్లో తాను ఇదివరకే చదివినవి వెతికేవారు.

కొనడానికి కాదు. లోపల ఒక చీటీ పెట్టడానికి.

గోడ క్యాలెండర్‌లో రోజూ చించే తారీఖు కాగితం ఉంటుంది కదా, దాని వెనక రాసేవారు. ఏ పేజీ నుంచి మొదలుపెట్టాలి, చదివాక ఏ మ్యూజియంకి పోయి ఏం చూడాలి. మాట్లాడినట్టే రాసేవారు.

ఒకటి ఇంకా గుర్తుంది.

"మొదటి నలభై పేజీలు బోర్ కొడతయి, ఇడిచిపెట్టండి. చదివినంక మూసీ పక్కన పెద్ద మ్యూజియంకి పోండి. అందరు గడియారం దగ్గర నిలబడతరు. మీరు చేతిరాత పుస్తకాలు చూడండి. రాసినాయన చెయ్యి ఏడ అలిసిందో కనబడతది."

అలాంటి మనిషిని నలుగురిలో తిట్టాను నేను.

మొన్న వానాకాలంలో ఒక కరపత్రం రాశాను. ఎనిమిది పేజీలు, జిరాక్స్, మధ్యలో రెండు పిన్నులు. మ్యూజియంలన్నీ రాజుల గొప్పలే, చెమటోడ్చినవాడి పేరు ఎక్కడా ఉండదు అని. మీలో చాలామందికి పంచాను. లైకులు కూడా కొట్టారు.

ఒక ఆదివారం మల్లేషన్న పుస్తకాల్లో ఆ కరపత్రాలు పెడుతూ, సార్ చీటీలు పీకేస్తున్నాను. ఆయన వచ్చి చూశారు.

"ఏంది తమ్మీ, రెండు పట్టవా అండ్ల?" అని నవ్వారు.

ఆ నవ్వుకే మండింది నాకు. పెన్షన్ తీసుకుంటూ టైమ్‌పాస్ చేసేవాళ్లకు ఆకలి గురించి ఏం తెలుసు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి ఇక్కడ రాయలేను. చేతిలో ఉన్న చీటీలు ఆయన ముందే చింపాను.

"ఏయ్, పెద్దమనిషితోని గట్లనేనా మాట్లాడేది? జర నోరు సంభాళించుకో!" అని మల్లేషన్న లేచాడు.

సార్ ఆయన్ని ఆపి, నా కరపత్రం ఒకటి తీసుకుని తిరగేశారు. ఒక్కటే అడిగారు.

"నువ్వు పోయినవా తమ్మీ, మ్యూజియం లోపలికి?"

"పోయిన. రెండు సార్లు పోయిన. అంతా చూసినంకనే రాసిన."

"ఔనా? గట్లయితే మంచిదే."

వంగి ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకున్నారు. కరపత్రం పట్టుకునే వెళ్లిపోయారు.

నేను చెప్పింది అబద్ధం.

అప్పటికి నేను ఏ మ్యూజియంలోనూ అడుగు పెట్టలేదు. మ్యూజియం ఉన్న పబ్లిక్ గార్డెన్స్ గేటు ముందు నుంచి వందసార్లు పోయుంటాను. రాసిందంతా వేరే కరపత్రాలు చదివి రాసిందే.

తర్వాత ఒకసారి మొజంజాహీ మార్కెట్ దగ్గర, రోడ్డు అవతల నుంచి సార్ చెయ్యి ఊపారు. నేను ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటించాను. ఫోన్‌లో ఎవరూ లేరు.

సారీ చెప్పాలంటే ఆ అబద్ధం కూడా ఒప్పుకోవాలి. అందుకే వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ గడిపేశాను.

నిన్న వాళ్లింటికి పోయే ధైర్యం కూడా రాలేదు.

ఈ రోజు ఆదివారం. అబిడ్స్ పోతే, మల్లేషన్న డబ్బా అడుగు నుంచి నా కరపత్రం ఒకటి తీసి ఇచ్చాడు.

"నువ్వు తిట్టినంక మల్ల వారమే సార్ తెచ్చిండు. గిది ముందల పెట్టు మల్లేష్, నలుగురు చూడాలె అన్నడు. నాకు నీ మీద కోపం. పెట్టలే."

లోపల చీటీ.

"కోపంతోని రాసిన పుస్తకం. మూడో పేజీ నుంచి మొదలుపెట్టండి. ఈ తమ్ముడు మ్యూజియం చూసొచ్చి రాసిండు, నమ్మి చదవండి. చదివినంక పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంకి పోండి. అందరు ఈజిప్టు మమ్మీ చుట్టూ ఉంటరు. మీరు మట్టికుండల దగ్గర ఆగండి. చేసినోళ్ల పేరుండదు. ఈ తమ్ముడు అడిగేది గదే."

వెనక్కి తిప్పాను. నేను తిట్టిన ఆదివారం తారీఖు. మర్నాడు పొద్దున్నే చించి రాసినట్టున్నారు.

అక్కడి నుంచి అటే పబ్లిక్ గార్డెన్స్‌కి నడిచాను. టికెట్ తీసుకుని లోపలికి పోయాను. మొదటిసారి.

ఒక కుండ అంచు మీద, ఎవరిదో వేలు నొక్కిన గుర్తు ఉంది.

ఎనిమిది పేజీల్లో ఆ మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు నేను.

నా కరపత్రం దగ్గరున్నవాళ్లు మొదటి పేజీ పైన పెన్నుతో ఒక లైన్ రాసుకోండి, ప్లీజ్: వీడు చూడకుండా రాశాడు.

సార్, ఇన్నేళ్ల మీ చీటీల్లో అబద్ధం ఉన్నది ఈ ఒక్కదాంట్లోనే. అది మీది కాదు. నాది.

పోయి రండి సార్. ఏడున్నా నిమ్మళంగా ఉండండి.