అవ్వ సంచి సర్దిన రోజు

మా అవ్వ కొండలెక్కబోతోందన్న సంగతి మరదలి వాట్సాప్ స్టేటస్ చూస్తే గానీ నాకు తెలియలేదు. కన్నకూతురికి తెలియాల్సిన పద్ధతి ఇదీ! ఫొటోలో అవ్వ (మాకు అవ్వ అంటే అమ్మే) కొత్త బూట్లు తొడుక్కుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కాలువ గట్టు మీద నిలబడి నవ్వుతోంది. కింద 'కొండలెక్కడానికి మా అత్తమ్మ రెడీ' అని రాసి ఉంది. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి ఆ నవ్వునే చూశాను. నా పెళ్లి ఫొటోల్లో కూడా అవ్వకు అన్ని పళ్లు కనబడవు.

మరదలంటే మా తమ్ముడి భార్య. బోధన్‌లో ఒక బడిలో ఆటల టీచరు. అవ్వకు షుగరు వచ్చిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ పొద్దున్నే లేపి కాలువ గట్టు మీద నడిపించింది. నడిపించి నడిపించి, ఇప్పుడు తన స్నేహితురాళ్లతో పాటు ఉత్తరాన మంచుకొండల్లో రోజుల తరబడి నడిచే యాత్రకు తీసుకుపోతోంది. ఒక్క పూట బాసర పోయొద్దాం రమ్మని నిజామాబాద్ నుంచి నేను ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. పసుపు ఉడకబెట్టాలంది, వరి కోతకొచ్చిందంది, బర్రె ఈనిందంది. నాకు చెప్పడానికి అవ్వ దగ్గర పనులకు ఎన్నడూ కరువు లేదు. కోడలు పిలిచేసరికి మాత్రం బర్రె తన సంగతి తానే చూసుకునేటట్టుంది.

సంచి సర్దే రోజున నన్ను రమ్మన్నది కూడా మరదలే. "వదినె, నువ్వుంటే అత్తమ్మ జెర మాటింటది" అంది ఫోన్లో. అవ్వ మాట వినేది ఎవరిదో ఇద్దరికీ తెలుసు. అయినా పోయాను. దారిలో ఒక ఉన్ని శాలువా కొన్నాను. ముదురు ఎరుపుది, మందమైనది. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే బోధన్ చేరేదాకా చెమటలే. అంత చలిలో అవ్వ దాన్ని కప్పుకుని 'మా బిడ్డ కొనిచ్చింది' అని నలుగురికీ చెబుతుందని దారి పొడవునా అనుకుంటూ పోయాను.

నేను వెళ్లేసరికి హాల్లో దుప్పటి పరిచి సామానంతా పేర్చి ఉంది. మరదలు పద్ధతి అది. తీసుకుపోయేవన్నీ ముందు నేల మీద కళ్లకు కనబడాలి, తర్వాత వాటిలో సగం తీసెయ్యాలి. రెండు పనులకు రాని వస్తువు సంచిలోకి పోదు. బరువు తూచడానికి ఒక కొక్కెం కాటా కూడా తెచ్చిపెట్టింది. ఆ సామాన్లో రెండు ప్యాంట్లు కనబడ్డాయి. ఎవరివని అడిగితే అవ్వవట. నేను నైటీ కొనిస్తే సిగ్గని పెట్టె అడుగున దాచిన అవ్వ, కోడలు కొనిస్తే ప్యాంటు వేస్తుంది!

ముందు అవ్వనే సర్దుకోమంది మరదలు. అవ్వ మూట కట్టినట్టే సర్దింది. సకినాల స్టీలు డబ్బా, పచ్చడి సీసా, లోటా అడుగున వేసి, మీద బట్టలు కుక్కింది. తర్వాత తువ్వాలు చుట్టబట్టలా చుట్టి నెత్తిన పెట్టుకుని, సంచిని ఎత్తి దాని మీద పెట్టుకుంది. చేతులు వదిలేసి, నిటారుగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది.

"అత్తమ్మా, గది నెత్తికి కాదు, వీపుకు!"

"నెత్తి మీదైతే ఎంత దూరమన్న పోత బిడ్డా. వీపు మీదైతే ఎవలో వెనుకకెల్లి గుంజినట్టయితది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ నా నవ్వు వాళ్లది అయిపోయాక మొదలైంది.

మరదలు అంతా కుమ్మరించి మళ్లీ సర్దింది. స్లీపింగ్ బ్యాగు అడుగున. తిండి బరువంతా నడిమిట్ల, వీపుకు ఆనేటట్టు. బట్టలు మడత పెట్టకుండా చుట్టలు చుట్టి చుట్టూ ఇరికించింది. వాన చెప్పి రాదు కాబట్టి వానకోటు అన్నిటికంటే పైన. స్టీలు డబ్బాలోని సకినాలు కవర్లోకి మారాయి, డబ్బా బయట మిగిలింది. లోటా కూడా పోయింది. చిల్లు పడ్డ లోటా ఒకటి నేను పారేసినందుకు వానాకాలమంతా నాతో మాట్లాడని మనిషి, ఇప్పుడు నోరెత్తలేదు. నడుము పట్టీ బిగించాక అవ్వ రెండడుగులు వేసి, "అరె, సగం బరువు ఏడ పాయె!" అని మురిసిపోయింది.

అప్పుడు నేను శాలువా తీశాను. మరదలు చేత్తో తడిమి, "మస్తున్నది వదినె" అని, కొక్కేనికి తగిలించి చూసింది. బరువని అనడానికి మొహమాటపడింది పాపం. అన్నది అవ్వే.

"గంత బరువెందుకు, తీసెయ్యి బిడ్డా."

ఆ 'బిడ్డా' నన్ను కాదు. శాలువా మాత్రం నా ఒళ్లోకి తిరిగొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగితే, ఉక్కపోత అంటూ కొంగుతో మొహం తుడుచుకున్నాను.

ఆరేసిన మేజోళ్లు తేవడానికి మరదలు డాబా మీదికి పోయింది. ఆమె అటు పోగానే అవ్వ రొండిన దోపుకున్న చిన్న పొట్లం తీసింది. విప్పకముందే వాసన పట్టేశాను. వేయించిన వాము, నల్ల ఉప్పు. చిన్నప్పుడు చలికాలం వస్తే చాలు నాకు కడుపు పట్టేసేది. అవ్వ అదే తన అరచేతిలో పోసి నాకించేది. ఇన్నేళ్లకు నేను గుర్తొచ్చానని నా ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాపాను కూడా.

"నీకు గాదే. సల్లవడితే కోడలికి కడుపు పట్టుకుంటది. దానికి కనవడితే బరువని తీసేస్తది. నువ్వే ఏడన్న దాసిపెట్టు."

"నాకు సుత గట్లనే అయితుండె గదా అవ్వా."

"నీకేందే, నువ్వు ఇల్లు లేసిపోయేటట్టు ఏడుస్తుంటివి. అది నోరు తెరువది. మనమే సూస్కోవాలె."

నేనూ ఈసారి నోరు తెరవలేదని అవ్వకు తట్టలేదు. నన్నూ తీసుకుపొమ్మని స్టేటస్ చూసిన రోజే ఫోన్ చేసి ఏడ్చి ఉండాల్సింది. ఏడవలేదు. శాలువా కొన్నాను.

మెట్ల మీద చప్పుడైంది. నేను చప్పున సంచి మూత విప్పి, ఒక ప్యాంటు చుట్ట బయటికి లాగి, దాని నడుమ పొట్లం పెట్టి, మరదలు చుట్టినదాని కంటే గట్టిగా చుట్టి, ఎక్కడిది అక్కడే దూర్చాను. బిగుతు ఎక్కడా చెడలేదు. అరగంటలో ఆ విద్య నాకూ వచ్చేసింది, నా వీపుకు సంచే లేదు.

మరదలు మేజోళ్లు సర్ది, సంచిని కొక్కేనికి వేలాడదీసింది. అంకె చూసి కనుబొమలు ముడిచింది. "నా లెక్క కన్న జెర ఎక్కువే ఉన్నది. వదినె, శాలువా పెట్టినవా?"

"ఇగో, నా ఒళ్లెనే ఉన్నది గదా" అని ఎత్తి చూపించాను.

ఆమె వెనక నిలబడి అవ్వ నాకు కన్ను కొట్టింది. నేను నవ్వు ఆపుకున్నాను. అంత పెద్ద సంచిలో అవ్వకూ నాకూ మాత్రమే తెలిసిన వస్తువు అదొక్కటే. అదీ మరదలి కడుపునొప్పికే.