ఆ ఫొటో చూసి కుట్టించుకున్న జాకెట్టు

రెండేళ్ళ క్రితం నా పెళ్ళి కుదిరినప్పుడు, అందరిలా బరువైన మగ్గం వర్క్ వద్దనుకున్నాను. ఉయ్యూరులో నాన్నమ్మ బీరువా సర్దుతుంటే చీర మడతల్లో పాత పెళ్ళి ఫొటో ఒకటి దొరికింది. మోచేతుల దాకా చేతులున్న జాకెట్టు, సన్నంచు పట్టుచీర, చెంపస్వరాలు. అంత హుందాగా ఉన్న పెళ్ళికూతురిని నేనెక్కడా చూడలేదు. నాన్నమ్మే అనుకుని, ఎవరినీ అడగకుండా విజయవాడ వన్ టౌన్‌లో టైలర్‌కు చూపించి అచ్చం అలాగే కుట్టించుకున్నాను.

పెళ్ళిరోజు ముస్తాబై గదిలోంచి రాగానే నాన్నమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది.

"సుశీలా, పురిటికి ఇక్కడికే రావే. అత్తారింట్లో వద్దు" అంది.

"మన లావణ్యండీ అత్తయ్యా" అని అమ్మ చెప్పినా చెయ్యి వదల్లేదు.

ఆ ఫొటో నాన్న అక్క సుశీలదని అప్పుడే తెలిసింది. తొలి కాన్పు అత్తారింట్లో జరిగి, అందులోనే పోయిందట. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆమె పేరెత్తలేదు, ఫొటోలన్నీ తీసేశారు.

కడుపుతో ఉన్నన్నాళ్ళూ అద్దంలో చూసుకోవాలంటే భయమేసేది. పురిటికి పుట్టింటికే వచ్చాను. పాప క్షేమంగా పుట్టింది. ఆస్పత్రికి వచ్చిన నాన్నమ్మ పాప వైపు చూడనైనా లేదు. నా నుదురు నిమిరి, "ఈసారి దక్కావే తల్లీ" అంది.

నేను సుశీలను కానని చెప్పబోయాను. కానీ "అవునమ్మా" అన్నాను.

నాన్నమ్మను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. పాపను పడుకోబెట్టిన ప్రతి రాత్రీ ఆ మాట అన్నది నేనేనా అనిపిస్తుంది.