ఖాళీ గాజుగొట్టాన్ని నమ్మిన ఓబులమ్మ గారు

గురువారం ఉదయం గురుగ్రామ్‌లో ఆఫీసు క్యాబ్ ఎక్కబోతుండగా ఫోన్ వచ్చింది. మా గురువు, భూరసాయన శాస్త్రవేత్త డాక్టర్ ఓబులమ్మ గారు పరమపదించారట. ఒక కాలు క్యాబ్‌లో, ఒక కాలు రోడ్డు మీద పెట్టి నిశ్చేష్టుడనై నిలబడ్డాను. వెనక హారన్లు ఫరీదాబాద్ దాకా వినిపించి ఉంటాయి. "చలేఁ, భయ్యా?" అంటూ బయల్దేరదామా అని అడిగిన డ్రైవర్‌కు, మేడమ్ పోయారని తెలుగులోనే చెప్పాను. అతను ఇంజన్ ఆపేశాడు.

ఆ విదుషీమణి పుట్టింది కడప సీమలో, జీవితమంతా పరిశోధించింది కడప రాళ్లనే. అవి ఒక ప్రాచీన సముద్రపు అడుగు. వాన కొండను కొరుకుతుంది. రాతిలోని భాస్వరం ఏటివెంట సముద్రం చేరుతుంది. అది తిని నాచు పెరిగి ప్రాణవాయువును వదులుతుంది. "మనం పీల్చే గాలి, కొండలు అరిగి పెట్టిన అన్నమప్పా" అనేవారు. ఆమె దగ్గర పరిశోధన చేసే రోజుల్లో బేర్ సరాయ్‌ పేటలో నేనుండే అద్దెగది ఎంత ఇరుకంటే, మనసు మార్చుకోవాలన్నా వీధిలోకి రావాలి. ఒకసారి అక్కడికొచ్చి మా మెస్ రొట్టెను వేలితో కొట్టి చూసి, "ఇది ఏ యుగం నాటిదప్పా?" అని గంభీరంగా అడిగారు.

మా సముద్రంలో భాస్వరం దండిగా ఉండేదనీ, అందుకే గాలిలో ప్రాణవాయువు అందరూ అనుకున్నదానికంటే ముందే పెరిగిందనీ మా సిద్ధాంతం. అచ్చుకు పంపిన ఆమె వ్యాసం, నా డాక్టరేటు రెండూ దానిమీదే నిలిచాయి.

వైవా నాటి ఉదయం పరీక్షకులు పక్కగదిలో సమోసాలు తింటున్నారు. మేడమ్ ఒక గాజుగొట్టం వాసన చూశారు.

"ఇవి దేంతో కడిగినావు?"

"యాసిడ్‌తోనే మేడమ్."

"అన్నీనా?"

చేతులు వెనక్కి దాచుకున్నాను. "చివరి రెండు నెలలూ... గిన్నెలు తోమే పొడితోనండీ. చలికి చేతులు పగిలాయి."

ముఖ్యమైన రాళ్లన్నీ కొలిచింది ఆ రెండు నెలల్లోనే. ఆ పొడిలోనూ భాస్వరముంటుంది. మేడమ్ నేను కడిగిన ఖాళీ గొట్టంలో శుద్ధజలం పోసి మందు చుక్కలు వేశారు. భాస్వరముంటే పది నిమిషాల్లో నీలం తేలుతుంది. ఆ కాస్తసేపట్లో నేను మూడుసార్లు ముసలివాణ్ణయ్యాను. పక్కగదిలో కుర్చీలు కదిలాయి.

"ఏమీ లేదండీ, పదండి."

"ఇంగా నాలుగు నిమిషాలుండాది. కూచో."

ఏడో నిమిషంలో నీళ్లు లేతగా నీలమయ్యాయి.

"కొంచెమే కదండీ!"

"కొంచెమే. మన సముద్రమంతా ఆ కొంచెం మీదనే నిలబడుండాదప్పా."

"ఖాళీ గొట్టం సంగతి ఎవరడుగుతారు మేడమ్?"

"నేనడిగినా గదా."

లోపలికెళ్లి పరీక్షకుల ముందు చేతులు జోడించారు. "ముందే చూడాల్సింది నేను. తప్పు నాది. పరీక్ష ఆపండి." నా పేరు ఎత్తనే లేదు. ఆ సాయంత్రమే అచ్చుకు వెళ్లిన వ్యాసాన్నీ వెనక్కి రప్పించారు.

రెండేళ్లు మళ్లీ రాళ్లు నూరాం. గొట్టాలు కడిగే చోట నా పక్కనే నిలబడేవారు. అంకెలు కుంగిపోయాయి, ఆ సముద్రం నిరుపేద అని తేలింది. ఇప్పుడేం రాయాలండీ అంటే, "పేదదాన్ని పేదదనే రాయి" అన్నారు. రాశాను. చివరి పుట మీద సంతకం చేస్తూ, "ఇప్పుడు ఎవరన్నా అడగనీ" అన్నారు.

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అడగగలిగిన ఒకే ఒక్క మనిషికి నిన్న కడసారి నమస్కరించి వచ్చాను.