అయిదు కాళ్ల యాళి

గుడియాత్తం నేతవీధిలో మగ్గం గుంటలోకి దిగిన మొదటి ఆడది పచ్చయమ్మ. 1912 ప్రాంతంలో, నాన్న బలరామయ్యకు కళ్లు మసకబారినప్పుడు దిగింది. వీధంతా ముక్కున వేలేసుకుంటే, "గుంట నాకు బాగానే సరిపోయింది, మీ కండ్లకే ఇరుకైనట్టుండాది," అంది.

బలరామయ్య చివరగా కట్టిన చీర అంచు నమూనా యాళి. సింహం ఒళ్లూ ఏనుగు తొండమూ ఉన్న ఆ మృగాన్ని విరించిపురం గుడి స్తంభాల మీద ఎన్నిసార్లు చూశాడో! ఏ దారం ఎప్పుడు లేవాలో మగ్గం తాళ్లకు ముడులు వేసుకుంటూ పోయాడు. నేసేటప్పుడు బట్ట వెనకవైపే పైకి కనిపిస్తుంది. అందుకే చీర పూర్తయి తిరగేసేదాకా పచ్చయమ్మకు తెలియలేదు. ఒక ముడి ఎక్కువ పడి, అంచు పొడుగునా యాళికి అయిదేసి కాళ్లు!

"ఎట్లుండాదమ్మా?" అని నాన్న అడిగాడు.

"మీదికి దూకేట్టుండాది నాయనా," అంది. ఆ తృప్తితోనే ఆయన ఆ నెలలో కన్నుమూశాడు.

నూలిచ్చే షావుకారు గోవిందస్వామి చీర చూసి మండిపడ్డాడు. "అయిదు కాళ్ల యాళి యాడన్నా ఉండాదా? ఆ ముడి విప్పు. లేదంటే నీకు నూలు లేదు, పో."

"నాలుగు కాళ్లది నువ్వు చూసినావా అప్పా?"

"విరించిపురం స్తంభాల మీద లేదా?"

"అది చెక్కినాయన మాత్రం చూసినాడా?"

షావుకారు నూలు ఇవ్వలేదు. ఆ చీరను మాత్రం వదిలించుకుందామని కావేరిపాక్కంలో ఒక పెళ్లింటికి అంటగట్టాడు.

రెండు నెలలు మగ్గం ఆడలేదు. పచ్చయమ్మ ఇరుగుపొరుగు మగ్గాలకు కండెలు చుట్టి పొట్ట పోసుకుంది. ముడి విప్పడం చిటికెలో పని. చెయ్యి అక్కడిదాకా పోయేది, ఆగిపోయేది. నాన్న వేళ్లు చివరగా తాకిన తాళ్లవి. ఏడుపొచ్చేది గానీ భయం రాలేదు.

ఒకరోజు గోవిందస్వామే నూలుతో గుమ్మంలోకి వచ్చాడు. "అయిదు కాళ్ల యాళే కావాలంటాండారమ్మా కావేరిపాక్కంలో. అయిదో కాలుంటే అది వెనక్కి తిరగదంట. పూర్వం నుంచీ అంతేనని పెండ్లికూతురి అవ్వ చెప్తాండాది!"

"నేను ముందే చెప్పలేదా?" అని పచ్చయమ్మ నూలందుకుంది.

ఆ తాళ్లతోనే ఇరవై ఏళ్లు నేసింది. తల నెరిశాక ఒకసారి విరించిపురం వెళ్లింది. స్తంభం దగ్గర ఒక ముసలామె కోడలికి యాళిని చూపిస్తోంది. "కాళ్లు లెక్కపెట్టు. పాపం, చెక్కినోడు ఒకటి మరిచిపోయినాడు."

పచ్చయమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "వింటివా నాయనా?" అంది పైకే.